గవరయ్య చూసిన పురుడు

పోర్ట్‌బ్లెయిర్‌లోని చిన్న జూలో మొసళ్ళ మడుగు చూసుకునే గవరయ్య, ఆ పనిలో చేరకముందు పన్నెండేళ్ళు మొసళ్ళని చంపి బతికాడు. ఆ సంగతి ఎవరి దగ్గరా దాచేవాడు కాదు. భీమిలి వైపు పల్లెలో పుట్టి, పందొమ్మిదివందల యాభైల్లో ఓడెక్కి ఈ ద్వీపాలకొచ్చి, రంగత్ అడవుల్లో కలప కూలీగా చేరాడు. తర్వాత తుపాకీ పట్టాడు. తోళ్ళు ఉప్పులో ఊరబెట్టి కలకత్తా ఓడలకి ఎక్కించేవారు. రానురాను క్రీకుల్లో, సముద్రం లోపలికొచ్చే ఆ పాయల్లో, ఉప్పునీటి మొసలి కనపడటమే అరుదైపోయింది. వేట ఆపమని చట్టం వచ్చాక తుపాకీ అప్పగించేసి, సిప్పీఘాట్ తోటల్లో మిరియాల తీగలకి నీళ్ళు పెట్టుకుంటూ కొన్నాళ్ళు గడిపాడు. జూ వాళ్ళు మొసలికి భయపడని మనిషి కోసం వెతుకుతుంటే ఎవరో ఇతని పేరు చెప్పారు.

ఆ జూలో పులి లేదు. వచ్చినవాళ్ళు ముందు దాన్నే అడిగి, లేదంటే మొహం చిన్నబుచ్చుకుని మొసళ్ళ వైపు నడిచేవారు. మడుగులో ఒక ఆడ మొసలి ఉండేది, పదడుగులు దాటిన జంతువు.

ఒక ఏడు జూన్‌లో వానలు పట్టుకున్నాక అది గట్టు మీద గడ్డీ బురదా కుప్పగా పోగుచేసింది. తెల్లారి గవరయ్య వెళ్ళేసరికి కుప్ప పక్కనే పడుకుని, అతని అలికిడికి బుసకొట్టింది. గుడ్లు పెట్టిందని అతనికి వెంటనే తెలిసిపోయింది.

జూ డాక్టరు దేవప్రసాద్ అక్కడి తెలుగు క్రైస్తవుల ఇంట్లో పుట్టినవాడు. మద్రాసులో చదువుకుని కొత్తగా ఉద్యోగంలో చేరాడు. ఈ జాతి మొసళ్ళు చాలా కొద్దిగా మిగిలాయనీ, ఈ గుడ్లు దక్కితే అది మామూలు విషయం కాదనీ గవరయ్యకి చెప్పాడు. కుప్ప మునిగితే గుడ్లు చచ్చిపోతాయని కూడా చెప్పాడు. ఆగస్టులో వాన నాలుగు రోజులు తెరిపివ్వకుండా కొట్టినప్పుడు గవరయ్య లోపలికి దిగి, కుప్ప చుట్టూ కాలవ తవ్వాడు. ఆడది మీదికొచ్చి పార కర్రని పటుక్కున కొరికేసింది. అతను మిగిలిన ముక్కతోనే తవ్వి బయటికొచ్చాడు.

దాదాపు మూడు నెలలు గడిచాయి. ఆడది కుప్ప వదల్లేదు. వేసిన చేపలు వేసినట్టే ఉండేవి.

సెప్టెంబరులో ఒక పొద్దున్న మడుగు దగ్గర చీపురు పడుతుంటే గవరయ్యకి కుప్పలోంచి చప్పుడు వినపడింది. కళ్ళు తెరవని కుక్కపిల్లలు కుంయ్ కుంయ్‌మన్నట్టు, ఒకటి కాదు, చాలా గొంతులు. మట్టిలోంచి, ఇంకా పగలని గుడ్లలోంచి పిలుస్తున్నాయి. చీపురు కింద పెట్టి డాక్టరు కోసం పరిగెత్తాడు.

ఇద్దరూ వచ్చేసరికి ఆడది ముందుకాళ్ళతో కుప్పని తవ్వుతోంది. పార కర్ర విరగ్గొట్టిన ఆ జంతువు, పిండి జల్లిస్తున్న మనిషిలా నెమ్మదిగా మట్టి పక్కకి లాగుతోంది. గుడ్లు బయటపడ్డాయి. ఒకటి చిట్లింది. జానెడు పిల్ల, పసుపు మీద నల్ల చారలతో, తల బయటపెట్టింది. తల్లి దాని మీదికి వంగి, నోరు తెరిచి, అందుకుంది. ఇంకోటి. ఇంకోటి.

దేవప్రసాద్ మొహం పాలిపోయింది. "తినేస్తోంది బాబాయ్," అంటూ గోడకి చేరేసిన వెదురు అందుకుని తలుపు వైపు నడిచాడు.

గవరయ్య అతని చెయ్యి పట్టుకున్నాడు. "రుకో బాబూ, ఆగండి. మింగాలంటే మొసలి ముట్టె పైకెత్తాలి. అది ఎత్తలేదు, సూడండి."

చూశారు. ఆడది తల ఎత్తలేదు. ఒక పగలని గుడ్డుని నాలిక మీద ఇటూ అటూ దొర్లించి, పైపెంకు చిట్లేలా మెత్తగా నొక్కింది. గొంతు కింద తోలు సంచిలా వేలాడింది. పళ్ళ సందుల్లోంచి చిన్న చిన్న తోకలు కనపడుతున్నాయి. అలాగే నీళ్ళ దాకా నడిచి, నోరు నీట్లో పెట్టి తెరిచి, తల మెల్లగా ఊపింది. పిల్లలు ఒక్కొక్కటే ఈదుకుంటూ బయటికొచ్చాయి. తల్లి మళ్ళీ వెనక్కి తిరిగింది.

మధ్యాహ్నం దాకా అలా తిరుగుతూనే ఉంది. జల్లు పడుతున్నా ఇద్దరిలో ఎవరూ గొడుగు విప్పలేదు. దేవప్రసాద్ లెక్కపెట్టాడు. ముప్పై ఒకటి.

గవరయ్య తడినేల మీద కూలబడ్డాడు. డాక్టరుకి ఒక పాత సంగతి చెప్పాడు. వేట రోజుల్లో ఒకసారి, నోటినిండా పిల్లలున్న ఆడ మొసలిని కాల్చాడట. సొంత పిల్లల్ని తింటోందని, ఆ పాపిష్టిదాన్ని చంపి మంచిపని చేశానని ఊరంతా చెప్పుకున్నాడట.

"నాను సెప్పింది అందరూ నమ్మీసినారు బాబూ," అన్నాడు.

దేవప్రసాద్ వచ్చి అతని పక్కన కూర్చున్నాడు.

గవరయ్య భార్య యర్రమ్మ అంతవరకూ జూ గడప తొక్కలేదు. తోళ్ళ వాసనతో కాపురం చేసి చేసి ఎవరైనా మొసలి పేరెత్తితే లేచి అవతలికి పోయేది. మర్నాడు గవరయ్య ఆస్టినాబాద్‌లోని ఇంటి నుంచి ఆమెని బస్సెక్కించి తీసుకొచ్చాడు. ఆడది నీళ్ళలో తేలుతోంది. దాని తల మీద, వీపు మీద పిల్లలు ఎక్కి ఎండ కాగుతున్నాయి. యర్రమ్మ కమ్మీ పట్టుకుని అలా నిలబడిపోయింది. నలుగురు పిల్లల్ని కన్న మనిషి ఆమె.

"ఎన్నాళ్ళయింది ఇది తిని?" అని అడిగింది చివరికి.

మూడు నెలలని చెప్పాడు.

"మరి సూస్తావేటి? పెట్టు."

గవరయ్య వెళ్ళి చేపల బుట్ట తెచ్చాడు. ఒకటి తీసి యర్రమ్మ చేతిలో పెట్టాడు. ఆమె కాస్త వెనక్కి జరిగి, కొంగు నడుముకి దోపుకుని, కమ్మీల మీదుగా నీళ్ళలోకి విసిరింది.