మేము నిలబడిన సముద్రం

మొన్న కోస్గి అంగట్లో చెరుకురసం బండి దగ్గర నిలబడి ఉంటే, బండి అతను గోనెసంచి విప్పి పెద్ద ఐసుగడ్డ మీద సుత్తితో ఒక్కటి వేశాడు. గడ్డ వెంటనే పగల్లేదు. లోపల ఎక్కడో చిట్‌మని, ఆ చీలిక తెల్లటి గీతలాగా ఈ చివరి నుంచి ఆ చివరికి పాకింది. నాకు తెలియకుండానే నా కాళ్లు వెనక్కి పడ్డాయి. "భయపడకుండ్రి అమ్మా, పెల్లలు మీదికి రావు" అని నవ్వాడతను. నేనూ నవ్వాను గానీ, రసం తాగుతున్నంతసేపూ మనసు అంగట్లో లేదు, భూగోళానికి అడుగు కొసన ఎక్కడో ఉన్న ఒక తెల్లటి అఖాతం మీద ఉంది.

సముద్రంలో ఉప్పు కొలిచే ఉద్యోగం చేశానంటే మా ఊళ్లో ఇప్పటికీ నవ్వుతారు. వాన కోసం మొగులు చూసే మెట్టనేలలో పుట్టినదానికి సముద్రంతో ఏం పని అని మా అమ్మ కూడా అనేది. తెలంగాణ వచ్చిన మరుసటేడు, దక్షిణ ధ్రువం వైపు పోయే పరిశోధన ఓడలో నాకు చోటు దొరికేసరికి నా జుట్టే సగం నెరిసింది, అమ్మ సంగతి చెప్పనక్కరలేదు. ఆమె వద్దనలేదు, ఏడవలేదు. మా గొర్ల ఉన్నితో నేయించిన నల్ల గొంగడి తెచ్చి ఒళ్లో పెట్టి, "ఆడ సలి బాగుంటదంట గద బిడ్డా, గిది తీస్కపో" అంది.

ఓడలో నా గదిలో ఉన్నావిడది భీమిలి తీరం. నాకన్నా కాస్త పెద్దది, మా జట్టుకు నాయకురాలు. వరసకేమీ కాకపోయినా మొదటి రోజు నుంచే అక్క అన్నాను. రాష్ట్రాలు కొత్తగా విడిపోయిన రోజులు గనక, మొదట్లో ఇద్దరం మాటలు ఆచితూచి వాడేవాళ్లం. నేను "గట్లనే" అన్నప్పుడల్లా ఆమె పెదవి చివర ఒక నవ్వు కదిలేది, నాకు ఒళ్లు మండేది. అలల తాకిడికి నేను తల ఎత్తలేక మంచం పట్టినప్పుడు, ఆ తల ఒళ్లో పెట్టుకుని చారునీళ్లు తాగించింది కూడా ఆమే. ఆ తర్వాత ఆ నవ్వు నాకు ఇష్టమైపోయింది.

మేము చేరిన అఖాతంలో సముద్రం గడ్డకట్టి, చూపు ఆనినంత మేర తెల్లటి చెలకలాగా పరుచుకుని ఉండేది. నీళ్లు గడ్డకట్టేటప్పుడు తమలోని ఉప్పును చాలామటుకు కిందికి వదిలేస్తాయి. ఆ ఉప్పునీరు బరువెక్కి అడుగుకు దిగి, లోకంలోని సముద్రాలనన్నిటినీ నెమ్మదిగా నడిపిస్తుంది. మంచు పలచబడితే ఆ నడక ఏమవుతుందన్నదే మా ప్రశ్న. మంచులో బెజ్జం వేసి, తాడుకు కట్టిన యంత్రాన్ని దించి, తాడు పై కొసను మంచులో పాతిన జెండా కర్రకు కట్టి, చలికాలమంతా ఉప్పునూ వేడినీ అదే కొలుచుకునేట్టు వదిలి వచ్చాం. పని ముగిశాక అక్కా నేనూ ఆ మంచు మీదే కూర్చునేవాళ్లం. కింద సముద్రం ఉన్నట్టు అప్పుడప్పుడు మంచు మూలిగితేనే గుర్తుకు వచ్చేది. ఇంట్లో కూడా నేను అంత నిబ్బరంగా కూర్చుని ఎరగను.

మరుసటేడు వెళ్లేసరికి మేము పాతిన జెండా కర్ర నిలిచే ఉంది గానీ, మంచు తెలుపు పోయి బూడిదరంగు తేలింది. చేతికర్రతో మంచును పొడిచి చూస్తూ అక్క ముందు నడిచింది, వెనక నేను, మా వెనక ఇద్దరు నావికులు. జెండా కర్ర నుంచి తాడు విప్పి అక్కా నేనూ లాగుతుంటే, నల్లటి నీళ్లలో యంత్రం పసుపుపచ్చ మూత కనబడింది కూడా. అప్పుడే కాళ్ల కింద చిట్‌మంది. అక్క నిలబడిన పెల్ల ఒరిగి, ఆమె నడుము దాకా నీళ్లలోకి జారింది. నా ఒక చేతిలో తాడు, ఇంకో చేతిలో ఆమె కోటు.

"తాడు వదలకే!" అని అరిచింది.

వదిలేశాను. రెండు చేతులా ఆమెను పట్టుకున్నాను, నావికులు నన్ను పట్టి లాగారు. తాడు సరసరా బెజ్జంలోకి జారిపోయింది, మేము కొలవదలచిన చలికాలమంతా దానితోపాటే.

ఓడ డాక్టరు తడిబట్టలు మార్పించాక అమ్మ గొంగడి ఆమెకు చుట్టాను. పళ్లు టకటకా కొట్టుకుంటూనే తిట్టింది, వద్దన్నా ఎందుకు వదిలావని. "నువ్వు పోతె గా ఉప్పు లెక్కలు నేనేం జేస్కోవాలె అక్కా?" అన్నాను ఏడుస్తూ. గోడ వైపు తిరిగి పడుకుంది. మర్నాడు తనే నా పక్కన వచ్చి కూర్చుని, "సర్లే, మంచెక్కడికి పోతాది? ఇంకోపాలి వచ్చి కొలుద్దారి" అంది. గొంగడి మాత్రం తిరిగి ఇవ్వలేదు, నేనూ అడగలేదు.

ఆ ఇంకోసారి రావడానికి ఏళ్లు పట్టింది. అది అక్కకు ఆఖరి ప్రయాణం. ఈసారి ఓడ ఎక్కడా ఆగలేదు, మంచును పగలగొట్టే పనే పడలేదు, తిన్నగా అఖాతంలోకి వెళ్లిపోయింది. చుట్టూ నీళ్లు, గాలికి అలలు. ఇదే ఆ చోటని ఓడ నడిపే గది నుంచి కబురు వచ్చినప్పుడు అక్క కమ్మీ పట్టుకుని చాలాసేపు కిందికి చూసి, "జర ఆపమనవే" అంది. ఆమె నోట మా మాట అదే మొదటిసారి వినడం. నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఊరుకున్నాను. ఓడ ఆపించి నీళ్లు తోడి కొలిచాం. చేతులు తమ పని తాము చేశాయి.

ఒక్క ఏడు చూసి తీర్మానించకూడదని మా చదువే నేర్పింది; కొన్నేళ్లు మంచు ఎక్కువ, కొన్నేళ్లు తక్కువ. అయితే తర్వాత వెళ్లి వచ్చిన కొత్త జట్ల పిల్లలను కూడా నేను వదలకుండా అడుగుతూనే ఉన్నాను, ఆ అఖాతంలో నడిచారా అని. లేదు మేడం, ఓడ మీది నుంచే పని అయిపోయింది అంటారు, అదేదో శుభవార్త అయినట్టు. అక్కతో ఫోన్లో ఈ సంగతి చెప్తున్నప్పుడు, ఆ వెనక వాళ్ల ఊరి అలల చప్పుడు వినిపిస్తూ ఉంటుంది.

చదువుకున్న బడి కూలినా ఆ జాగా ఉంటుంది. అక్కడ నిలబడి, ఇదిగో ఇక్కడే అని ఎవరికైనా చూపించుకోవచ్చు. నా బతుకులో నేను అన్నిటికన్నా తృప్తిగా కూర్చున్న జాగాకు నేలే లేదు. పటం తెరిచి దాని మీద వేలు పెడతాను. అప్పుడూ అక్కడ నీలమే వేశారు, ఇప్పుడూ నీలమే.