తొలుసూరు ఖర్చు ఎవరిది?

నేను పిసినారినని మా ఆవిడ అంటుంది. ముందుచూపు ఉన్నవాణ్ణని నేనంటాను. పెళ్ళయి నాలుగేళ్ళయినా ఈ తగువు తెగలేదు. గన్‌ఫౌండ్రీలో ఒక చిన్న ఆఫీసులో లెక్కలు రాయడం నా ఉద్యోగం. ఆమె ఆబిడ్స్‌లో ఒక పెద్ద చీరల దుకాణంలో సేల్స్‌గర్ల్. పొద్దున్నే నాంపల్లిలోని మా కిరాయి గది నుంచి ఇద్దరం కలిసే నడిచి బయలుదేరతాం. ఆటో ఎందుకు దండగ అని నేనే అలవాటు చేశాను.

పిల్లల మాట మొదట ఎత్తింది ఆమే. ముందు లెక్క చూసుకుందాం అన్నాను. బిడ్డ పుట్టాక అప్పు కోసం ఇంటింటికీ తిరిగినవాళ్ళను మా ఊళ్ళో చూస్తూ పెరిగినవాణ్ణి. ఒక ఆదివారం పొద్దున తెల్లకాగితం మీద గీతలు కొట్టుకుని కూర్చున్నాను. నెలనెలా చెకప్పులు, స్కానింగులు, మందులు. ఆమె పనికి వెళ్ళలేని ఎనిమిది నెలల జీతం. టీకాలు. ఈ ఒక్క గది చాలదు కనుక రెండు గదుల ఇంటికి అడ్వాన్సు. కాన్పు దగ్గరకొచ్చేసరికి అంకె వేయలేదు. "వాళ్ళది" అని రాసి కింది వరుసకు వెళ్ళిపోయాను.

మావైపు తొలుసూరు కాన్పు, అంటే మొదటి కాన్పు, ఆడపిల్ల తల్లిగారింటిది. వాళ్ళే వచ్చి తీసుకుపోతారు, పురుడు పోసి బిడ్డతో సహా సాగనంపుతారు. మా అక్కలిద్దరికీ అలాగే జరిగింది. చిన్నప్పటి నుంచి వింటున్న మాట కాగితం మీద పడింది, అంతే.

ఆమె కాగితం తీసుకుని నెమ్మదిగా చదివింది. "వాళ్ళంటే ఎవరు?" అని అడిగింది.

ఆమెకు ఆరేళ్ళప్పుడే తల్లీ తండ్రీ పోయారు. హాస్టళ్ళలో పెరిగింది. ఉన్న ఒక్క మేనమామ, మాది కులం కాని పెళ్ళి అని, గుమ్మం తొక్కొద్దన్నాడు. ఇదంతా నాకు తెలియనిది కాదు. తెలిసి కూడా రాశాను చూడండి, అదీ నా తెలివి.

గబగబా ఆ మాట కొట్టేసి, కాన్పు ఖర్చు కూడా మా నెత్తినే వేసుకుని మళ్ళీ లెక్క కట్టాను. అన్నీ సమకూరడానికి ఇంకో ఏడాదిన్నర పడుతుందని తేలింది. "జర ఆగితే అయిపోతది, ఫికర్ చెయ్యకు," అన్నాను.

"పైసలు కాదు," అంది. "కాన్పైనంక నాకు తలమీద నీళ్ళు పోసెటోళ్ళు ఎవరు? పిల్ల ఏడిస్తె ఎందుకేడుస్తుందో చెప్పెటోళ్ళు ఎవరు? నాకు భయమైతుంది. పిల్లలు వద్దులే."

ఆ తర్వాత ఆ మాట ఎత్తనివ్వలేదు. నెల గడిచింది. నేను అంకెలు అటూ ఇటూ మారుస్తూనే ఉన్నాను. బిడ్డ కావాలని ముందు అడిగిన మనిషి చేత వద్దనిపించింది నేనే కదా అని లోపల దిగులు పట్టుకుంది.

దుకాణానికి సెలవున్న ఒక మధ్యాహ్నం ఎవరో తలుపు కొట్టారు. తీస్తే నలుగురు ఆడవాళ్ళు. అందరూ ఆమెతో పనిచేసేవాళ్ళే. ముందు నిలబడ్డ పెద్దామెకు యాభై ఐదేళ్ళుంటాయి, పట్టుచీరల కౌంటర్ ఆమెది. పొద్దంతా నిలబడి నిలబడి సాయంత్రానికి కాళ్ళు వాస్తాయని, అందుకే చెప్పులు ఒక సైజు పెద్దవి కొనుక్కుంటుందని మా ఆవిడ ఎప్పుడో చెప్పింది.

కుర్చీ వేస్తే కూర్చోలేదు. పండ్ల సంచి నా చేతికిచ్చి, "మొగపిల్లగాని దిక్కు పెద్దమనుషులు ఎవరున్నరు సార్?" అని అడిగింది. అమ్మ ఊళ్ళో ఉందని, ప్రస్తుతానికి ఆ పెద్దమనిషిని నేనేనని చెప్పాను. వెనక ముగ్గురూ కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

"అయితె మీతోనే మాట్లాడుత. మా పిల్ల తొలుసూరు కాన్పు మాది. గా ముచ్చట చెప్పిపోదమని వచ్చినం."

"ఇంకా ఏం లేదమ్మా. అసలు అనుకోనే లేదు," అన్నాను తడబడుతూ.

"ఎరుకే. కడుపుల పడ్డంక ఉరుకులాడెటోళ్ళం కాదు మేం."

అప్పుడు కూర్చుని సంగతంతా చెప్పింది. చాలా ఏళ్ళ కింద ఇలాగే నా అన్నవాళ్ళు లేని ఒక పిల్ల, కాన్పైన ఇరవయ్యో రోజునే వచ్చి కౌంటర్లో నిలబడిందట. చీర మడతపెడుతూ పెడుతూ కుప్పకూలిపోయిందట. ఆనాటి నుంచి దుకాణంలో ఆ అంతస్తులో పనిచేసే ఆడవాళ్ళు తమలో తాము ఒక కట్టడి పెట్టుకున్నారు. అమ్మిన ప్రతి చీర కమిషన్లోంచి రెండు రూపాయలు పక్కన పెట్టాలి. తల్లిగారిల్లు లేని పిల్ల ఎవరైనా పనిలో చేరితే, ఆమె తొలుసూరు వాళ్ళందరిదీ. ఇప్పటికి ఐదు కాన్పులు చేశారు.

"మీ ఆమె గూడ నాలుగేండ్ల సంది ఏస్తనే ఉంది," అంది. "గని తనకెవ్వరు లేరని ఎన్నడు చెప్పలె. మేనమామ ఉన్నడు, మంచిగ చూస్కుంటడు అని చెప్పుకుంట వచ్చింది. మొన్న స్టాకు రూముల ఏడుస్తుంటె దొరికింది."

నేను మా ఆవిడ వైపు చూశాను. ఆమె నేల చూపులు చూస్తోంది. పాలప్యాకెట్ దగ్గర మిగిలిన చిల్లర కూడా నాకు తెలుసనుకునేవాణ్ణి. మొహం కూడా చూడని ఆడవాళ్ళ పురుళ్ళకు మా ఇంటి నుంచి డబ్బు వెళ్ళిందని నాకు తెలియదు.

పెద్దామె వేళ్ళ గణుపుల మీద లెక్క మొదలుపెట్టింది. కాన్పు సర్కారు దవాఖానలో. కష్టమైతే ప్రైవేటుకు కొంత వేరే ఉంచారు. నలభై రోజులు కాచిగూడలో తన ఇంట్లో, అక్కడ నీళ్ళకు కరువు లేదు. నీళ్ళు పోసేది తన అక్క. పథ్యం వంట ఒకరిది, పక్కన పడుకోవడం వంతులవారీగా. నెయ్యి, వెల్లుల్లి, సాంబ్రాణి, నడుముకు కట్టడానికి మెత్తటి పాతచీరలు. "అల్లుడు వచ్చిపోతుంటడు గద, ఆయన తిండి," అని ఇంకో గణుపు నొక్కింది. నా కాగితం మీద వీటిలో సగం లేవు.

"మధ్యల ఎవరన్న పని మానేస్తే, వాళ్ళు ఏసిన పైసలు?" అని అడిగాను. పుట్టుకతో వచ్చిన బుద్ధి మరి.

"పోతె పోతయి. ఆడబిడ్డకు పెట్టింది మళ్ళ అడుగుతరా ఎవరన్న?"

రోజంతా ఊరివాళ్ళ పెళ్ళిళ్ళకు చీరలు విప్పి చూపించి, మళ్ళీ మడతపెట్టి, చీరకు రెండు రూపాయల చొప్పున వీళ్ళు ఒక తల్లిగారింటిని నిలబెట్టారు. గుళ్ళో కూడా నాకు అంత భక్తి ఎప్పుడూ కలగలేదు. ఆ వాచిన కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. సిగ్గేసి, చాయ్ పెడతానని స్టవ్ దగ్గరికి పోయాను.

వెళ్ళేటప్పుడు పెద్దామె "సార్" అనలేదు. "పోయొస్తం అల్లుడా," అంది. వాళ్ళు మెట్లు దిగాక మా ఆవిడ గ్లాసులు కడుగుతూ, ఇటు తిరగకుండానే, "ఏడాదిన్నర ఆగుడెందుకు?" అంది. ఆ కాగితాన్ని చించేశానని చెబితే బాగుంటుంది గాని, నేను అంత గొప్పవాణ్ణి కాను. అందులో రెండు గదుల ఇంటి అడ్వాన్సు మాత్రం కొట్టేశాను.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. వారం తిరక్కుండా కొత్త రిజిస్టర్ ఒకటి కొన్నాను. ఎవరెంత వేశారు, ఎవరి దగ్గర ఎంత ఉంది, దేనికెంత అయింది అని శుభ్రంగా నిలువు గీతలు కొట్టి, పెద్దామెతో పాత లెక్కలన్నీ నింపించుకు రమ్మని మా ఆవిడ చేతికిచ్చాను. సాయం చేస్తున్నాననే అనుకున్నాను, ఒట్టు.

ఆమె మొహం ఎర్రబడింది. "మా తల్లిగారింటి లెక్కలు నువ్వు అడుగుతవా?"

"అది కాదు..."

"ఏంది కాదు? పిల్లనిచ్చినోళ్ళ సందుగపెట్టె తెరిచి చూస్తరా ఎవరన్న?" రెండు చీరలు సంచిలో కుక్కింది. "నేను పోతున్న. మా తల్లిగారింటికి పోతున్న. నీ రిజిస్టర్‌తోని నువ్వే కాపురం చేస్కో."

నాలుగేళ్ళలో మేం పోట్లాడుకోని నెల లేదు. ఎంత కోపమొచ్చినా ఆమె ఆ గదిలోనే గోడ వైపు తిరిగి కూర్చునేది. పోవడానికి ఆమెకు ఇంకో చోటు లేదు కాబట్టి కూర్చునేదని నాకు ఆ నిమిషం దాకా తట్టలేదు. సంచి చంకన పెట్టుకుని, గడ్డం ఎత్తి గుమ్మంలో నిలబడ్డ ఆ మనిషిని కళ్ళప్పగించి చూశాను. ఆపడానికి మనసు రాలేదు. కిందికి దిగి నేనే ఆటో పిలిచి, కాచిగూడ పోవాలని చెప్పాను.