కంటి కింది పొలుసు

మొన్న వైట్‌ఫీల్డ్‌లో ఒక క్లినిక్‌లో రక్తం తీసే ముందు నర్సు నా చేతిమీద స్పిరిట్ దూది రుద్దింది. చల్లగా తగిలి, ఆ ఘాటు వాసన ముక్కుకెక్కగానే సూది సంగతే మరిచిపోయాను. యలహంక పాతూరులో రెండు గదుల ఇల్లు, కిటికీ పక్కన బల్ల, దానిమీద గాజుపలక, ఆ పలకను స్పిరిట్ దూదితో మూలమూలలా తుడుస్తున్న మునియప్ప గారు కళ్లముందు నిలిచారు. "నొప్పిగా ఉందా సార్?" అని నర్సు అడిగేదాకా నా కళ్లు తడిశాయని తెలియలేదు. లేదని చెప్పాను. కొండచిలువల జాతి తేల్చే పెద్దాయన ఒకరు గుర్తొచ్చారంటే ఆవిడ నా బీపీ కూడా చూసి ఉండేది.

మునియప్ప గారు ఒక డిగ్రీ కాలేజీ జువాలజీ ల్యాబ్‌లో అటెండరుగా పనిచేసి రిటైరయ్యారు. చదివింది పదో తరగతి. ముప్పై ఏళ్లపాటు సీసాలు కడిగి, అస్థిపంజరాల దుమ్ము దులిపి, పిల్లలు పారేసిన నోట్సులు ఇంటికి తెచ్చుకుని చదివారు. ఒక కొండచిలువ ఏ జాతిదో, రెండు జాతులు కలిసి పుట్టిందో తేల్చాల్సివస్తే పేరు పక్కన నాలుగు డిగ్రీలున్నవాళ్లు కూడా ఆయన గడప తొక్కేవారు. నేను తొక్కింది మాత్రం గౌరవంతో కాదు, భయంతో.

నా దగ్గర బంగారి అనే కొండచిలువ ఉండేది. ఊరు మారిపోతున్న ఒక సహోద్యోగి దగ్గర కొన్నాను. బర్మా జాతిదని, బయటి దేశందని, ఏ ఇబ్బందీ ఉండదని చెప్పి ఒక కాగితం కూడా చేతిలో పెట్టాడు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. పొద్దస్తమానం ఎదుటివాళ్ల పనిలో తప్పులు వెతకడమే నా ఉద్యోగం. అలాంటివాణ్ని ఆ ఒక్క కాగితాన్ని మాత్రం వేదవాక్కులా నమ్మాను. మూడేళ్లు పెంచాను. ఆఫీసు కాల్స్ మాట్లాడుతుంటే నా భుజం చుట్టూ చుట్టుకుని పడుకునేది. ఒంగోలులో మా అమ్మ "ఆ పాముని చూసి నీకు పిల్లనెవరిస్తార్రా" అని ఫోన్లో శోకాలు పెట్టేది. ఒకరోజు భోజనానికొచ్చిన స్నేహితుడు దాని తలవైపు అదోలా చూసి, "ఇది మన అడవుల్లోదిలా ఉందేంటి?" అన్నాడు. మన కొండచిలువను ఇంట్లో పెంచడం నేరం. కంచం పక్కకు నెట్టేశాను. ఆ స్నేహితుడే మునియప్ప గారి చిరునామా ఇచ్చాడు.

వెళ్లగానే ఫోన్లో ఫొటోలు చూపించబోయాను. ఆయన మొహం తిప్పుకున్నారు. "ఫోటోలో దేవుణ్ని చూడచ్చప్పా, పొలుసు చూడలేము. పాముని తీసుకురా, లేదంటే అది ఇడిసిన కుబుసం తీసుకురా" అన్నారు. తరవాతి ఆదివారం కుబుసంతోబాటు నా అమూల్యమైన కాగితం కూడా పట్టుకెళ్లాను. ఆయన కాగితం తీసుకుని, మడత కూడా విప్పకుండా బల్ల సొరుగులో పడేసి తాళం వేశారు.

"చదవరా సార్?"

"పని అయినంక చదువుతా. పేరు ముందే చెవిలో పడితే కన్ను దాన్నే ఎతుకుతాది. నీకు ఏం కావల్లనో కూడా నాకు చెప్పద్దు."

ఆయన ఇంట్లో అది శాసనం. వచ్చినవాళ్లు ఎంత పెద్దవాళ్లయినా వాళ్లకేం కావాలో నోరెత్తకూడదు. కుబుసాన్ని నీళ్లలో నానబెట్టి, మెత్తబడ్డాక గాజుపలకమీద పరిచి, తల భాగాన్ని వేలికొసలతో సవరించేవారు. లోపలినుంచి ఆయన భార్య రత్నమ్మ గారు "ఆ పాడు తోలు ముట్టిన చేత్తో నా కాఫీలోటా ముట్టినావంటే చూడు!" అని కేక వేసేవారు. ఆరోజు ఆయన విననట్టే భూతద్దం నా చేతికిచ్చి, "నువ్వే చూసి రాయి" అన్నారు. కొండచిలువకు పైపెదవి పొడవునా పొలుసులు వరసగా ఉంటాయి. వాటిలో ఒకటి నేరుగా కంటిని తాకితే అది మన జాతి. కంటికీ పెదవికీ మధ్య చిన్న పొలుసుల వరస అడ్డుంటే బర్మాది. ఇంత చిన్న విషయం కోసమా ఇంత దూరం వచ్చానని మనసులో నవ్వుకుని, ఎడమ పక్క ఏముందో, కుడి పక్క ఏముందో టకటకా రాసి ఇచ్చాను.

ఆయన నా రాత చూసి, "నీ చొక్కా తిరగేసి ఏసుకుంటే జేబు యా పక్క ఉంటాది?" అని అడిగారు. నాకు వెలగడానికి కాస్త సమయం పట్టింది. కుబుసం మేజోడు లాగినట్టు తిరగబడి ఊడుతుంది. నేను లోపలి వైపు చూసి, ఎడమను కుడిగా, కుడిని ఎడమగా రాసేశాను. పేరున్న కంపెనీలో సీనియర్ టెస్టర్‌ని! సిగ్గుతో చెవులు కాలాయి. ఆయన నవ్వలేదు. "నేనూ మొదట్లో ఇట్లనే రాసినా" అని తలను మెల్లగా సరైన వైపుకు తిప్పి పెట్టారు.

ఆ తప్పు దిద్దాక గానీ అసలు సంగతి నా తలకెక్కలేదు. బంగారి ఎడమ కంటిని పెదవి పొలుసు తాకుతోంది. కుడి కంటి కింద చిన్న పొలుసులు అడ్డంగా ఉన్నాయి. కుబుసం ఒక్కటే చాలదన్నారు ఆయన. మర్నాడు రెండు బస్సులు మారి మా ఫ్లాట్‌కు వచ్చి, బంగారి తలను అరచేతిలో పసిపిల్ల తలలా పట్టుకుని, రెండు పక్కలా మళ్లీ చూశారు. నెత్తిమీద బాణం గుర్తు కూడా ముక్కు దగ్గర అటు మనదానిలా చెరిగిపోకుండా, ఇటు బర్మాదానిలా స్పష్టంగా లేకుండా ఉంది. "రెండూ కలిసినట్టు అనిపిస్తా ఉండాది. అనిపిచ్చేది వేరే, తెలిసేది వేరే. రక్తం పరీచ్చ చేసేవాళ్లు దొరికితే చేపిద్దాం. అంతవరకు తెలీదనే రాయాల" అన్నారు.

అందులో నాకు అర్థమైంది ఒక్కటే. మన జాతి రక్తం ఉందేమోనన్న అనుమానం వచ్చాక ఇంట్లో ఉంచుకోలేను, అటవీశాఖకు అప్పగించాలి. మన జాతేనని రాసిస్తే వాళ్లు అడవిలో వదులుతారు. కలిసిపుట్టిందంటే వదలరు. అది అడవిలో పిల్లలు పెడితే అక్కడి జాతి చెడుతుంది కాబట్టి బతికినంతకాలం సంరక్షణ కేంద్రంలో నాలుగు గోడల మధ్యే. నేను ఆయన చేతులు పట్టుకున్నాను. "మామా, ఎడమ పక్క ఒక్కటే రాయండి. అది అబద్ధం కాదుగా. స్వేచ్ఛగానైనా బతుకుతుంది" అన్నాను. అంతవరకు సార్ అన్నవాణ్ని, అవసరం రాగానే వరస కలిపేశాను.

ఆయన చేతులు విడిపించుకోలేదు. "ఒక పక్క చూసి రాసినా ఒకసారి" అన్నారు. కాలేజీలో ఉండగా ఎవరో తెచ్చిన కొండచిలువకు ఎడమ పక్క మాత్రమే చూసి, మనదేనని చెప్పారట. అటవీశాఖవాళ్లు దాన్ని అడవిలో వదిలేశారు. నెలల తరవాత డబ్బాలో దాచిన కుబుసం తీసి పిల్లలకు చూపిస్తుంటే కుడి పక్క వేరేగా కనిపించింది. "ఎవురికీ తెలీదు. సుమ్నే, నోరు మూసుకుని ఉండుంటే సరిపోతా ఉండె. ఉండలేకపోతి. ఆఫీసుకు పోయి నాది తప్పని చెప్తి. అంత అడవిలో యాడని ఎతుకుతారప్పా దాన్ని?"  నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం మనిషిని. అయినా ఆ మాట విన్నాక బతిమాలే ధైర్యం చాలలేదు. ఒప్పుకున్నాను. ఒప్పుకున్నానే కానీ ఆయనమీద కోపం మాత్రం పోలేదు.

అప్పగించేరోజు ఆయనే నాతో వచ్చారు. అక్కడి అధికారి చేతిలో రిజిస్టరు, అందులో జాతి పేరు రాయాల్సిన గడి. "ఒక్క మాటలో చెప్పండి, మనదా కాదా?" అని విసుక్కున్నాడు. మునియప్ప గారు చేతులు కట్టుకుని, "తెలీదు స్వామీ" అన్నారు. "తెలియనప్పుడు ఎందుకొచ్చారు?" అని అధికారి ఎగతాళిగా అడిగాడు. "తెలీదని చెప్పేదానికే వచ్చినా స్వామీ. ఎడమ పక్క ఇట్లుండాది, కుడి పక్క ఇట్లుండాది. అది రాసుకోండి. అడవిలో మాత్రం ఇడవద్దండి" అని తాను రాసిన కాగితం బల్లమీద పెట్టారు. అధికారి అటు చూసి ఇటు చూసి, చివరికి ఆ కాగితాన్నే రిజిస్టరుకు అంటించాడు. తెలియదనే మాటను అంత నిటారుగా నిలబడి చెప్పిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు, ఆ తరవాతా చూడలేదు.

అయినా నేను ఆయన ఇంటికి వెళ్లడం మానేశాను. బంగారిని చూడటానికీ వెళ్లలేదు. ఖాళీ పెట్టెను బాల్కనీలోకి నెట్టి, పని ఎక్కువగా ఉందని నాకు నేనే చెప్పుకున్నాను. ఏడాది దాటాక స్నేహితుడు ఫోన్ చేసి మునియప్ప గారు పోయారని చెప్పాడు. వెళ్లేసరికి అంతా అయిపోయింది. రత్నమ్మ గారు నన్ను గుర్తుపట్టి, "నీ పాము దగ్గరికి పోతా ఉండె నాయనా, నెలనెలా" అన్నారు. నాకు అర్థం కాలేదు.

మర్నాడే సంరక్షణ కేంద్రానికి వెళ్లాను. అక్కడ పాములకు మేత వేసే నాగరాజు అనే అతను బంగారి గది చూపించాడు. బాగా పెరిగింది. నన్ను గుర్తుపట్టలేదు. పాములు గుర్తుపట్టవని తెలిసినా నొచ్చుకున్నాను.

"తాత వస్తా ఉండె సార్" అన్నాడు నాగరాజు. "ఇది కుబుసం ఇడిసినప్పుడల్లా ఎత్తిపెట్టమనె. వచ్చి నానబెట్టుకుని రెండు పక్కలా చూస్తా కూర్చునె. ఎందుకు తాతా, చూసిందే కదా అంటే, నాది తప్పయితే బాగుండునప్పా, ఆ పిల్లోడు బాధపడినాడు అనె."

గోడకు వేలాడుతున్న చిన్న నోటుపుస్తకం తీసి ఇచ్చాడు. కుబుసం మార్చినంతమాత్రాన పొలుసుల అమరిక మారదు. ఆ సంగతి నాకు నేర్పిందే ఆయన. అయినా ప్రతి పేజీలోనూ ఆయన గుండ్రటి అక్షరాలు: ఎడమ తాకింది, కుడి తాకలేదు, పేరు తెలీదు. నేను బాధపడ్డానని ఆయన తన తప్పు వెతుక్కుంటూ నెలనెలా బస్సెక్కారు. తప్పు దొరకలేదు. దొరికినట్టు ఒక్కసారైనా రాయలేదు. చివరి పేజీలో అక్షరాలు వంకరపోయాయి: ఈ తూరి నా కంటికి ఆనలేదు, ఇంకొకరు చూడాల.

ఆ ఇంకొకరిని నేనే అయ్యాను. రక్తపరీక్ష చేసేవాళ్లు ఇంకా దొరకలేదు. ఇప్పుడు నెలకోసారి వెళుతున్నాను. భూతద్దం పట్టుకున్న ప్రతిసారీ, ఈసారైనా రెండు పక్కలూ ఒకేలా ఉంటే బాగుండునని ప్రాణం కొట్టుకుంటుంది. ఉండవు. చూసింది చూసినట్టు రాసి, కింద సంతకం పెట్టి వస్తాను.