ఎనిమిదో మూల

మా లెక్కల మేష్ట్రు పోయారు. చింతామణిలో మిషను మీద జాకెట్టు కుడుతుంటే పాతపాళ్యం నుంచి అక్క ఫోన్ చేసింది. "మేష్ట్రు పొద్దున పోయినారంటమ్మే, వస్తావా?" అంది. ఏడుపు రాలేదు. నోట్లో నానిన శనగల రుచి వచ్చింది. ఎందుకో మీకు చెప్పాలి.

ఆయన పుస్తకంలో బొమ్మ చూపించి సరిపెట్టే మనిషి కాదు. చీపురుపుల్లలు, నానిన శనగలు తెచ్చి ఘనం కట్టేవారు. పుల్ల అంచు, శనగ మూల. మాది కర్ణాటకలో తెలుగు మాట్లాడే ఊరు, బడి చదువు మాత్రం కన్నడం. కన్నడ పుస్తకంలో మూలకు శృంగ అని ఉంటే, "పరీక్షలో శృంగ అని రాయండి, ఇంట్లో మూల అనుకోండి" అనేవారు. "పుల్లల మధ్య అంతా ఖాళీయే కదా, ముఖాలు యాడుండాయి సార్?" అని అడిగాన్నేను. ఆ ఖాళీకి అరచెయ్యి అడ్డం పెట్టి, "కనపడలేదని లేదనేస్తే ఎట్లా పాపా? ఉండాది, లెక్కపెట్టు" అన్నారు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఒకరోజు తనిఖీకి అధికారి వస్తున్నాడని బల్ల మీద ఘనం కట్టి పెట్టారు. ఆ పొద్దు నేను ఏమీ తినకుండా బడికి వచ్చాను. మేష్ట్రు గేటు దగ్గరికి వెళ్ళగానే ఒక్క శనగ పీకి నోట్లో వేసుకున్నాను. పాడు ఆకలి! మూలలెన్ని అని అధికారి అడిగితే అందరం ఎనిమిదని అరిచాం. అతను వేలు పెట్టి లెక్కించాడు. ఏడే. చెప్పేవాడికే లెక్క రాదా అని కన్నడంలో మేష్ట్రును కడిగేశాడు. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను, సిగ్గులేకుండా.

"నా తప్పే సార్" అన్నారు మేష్ట్రు.

రేపు చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటూనే బడి అయిపోయింది, పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. అక్క ఇంటికి పోయేటప్పుడల్లా ఆయన వాకిలి ముందే బస్సు ఆగేది. అక్కడ దిగడానికి మొహం చెల్లక, తర్వాతి స్టాపు దాకా పోయి వెనక్కి నడిచి వచ్చేదాన్ని.

నిన్న అక్కడే దిగాను. ఆయన్ను వాకిట్లో పడుకోబెట్టారు. అంతమందిలోనూ, "సార్, ఆ శనగ తిన్నది నేనే" అని గట్టిగా ఏడ్చాను. పిచ్చిదనుకుని ఉంటారు. ఆయన భార్య మాత్రం నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వేనా అమ్మా? ఆ పొద్దు నీ దవడ కదల్తాండింది ఆయన చూసినారంట. పెద్దదైనాక పాపే వచ్చి చెప్తాదిలే అంటాండిరి. బస్సు నిలిస్తే చాలు, తలెత్తి చూస్తాండిరి."

నేను ఆయన వైపు తిరిగాను. దండల కింద ఆయన కుడిచేతి చూపుడువేలు ఒక్కటే కొద్దిగా పైకి లేచి ఉంది, లెక్కపెడుతూ పెడుతూ ఏదో మూల దగ్గర ఆగిపోయినట్టు.