మనేలయ్యకు వదిలిన నీళ్ళు

మా చిన్నాయన పోయారన్న కబురు బాగేపల్లి బస్సు కండక్టరు తెచ్చాడు. మా వీధి మొదట్లో ఉన్న బియ్యం అంగడిలో చెప్పి, బస్సు నిలిపి వచ్చానని తొందరగా వెళ్ళిపోయాడట. అంగడి ఆయన వచ్చి మా గడప బయటే నిలబడి, "అమ్మా, మీ చిన్నాయన నిద్రలోనే పోయినాడంట" అన్నాడు. నేను అప్పుడు దేవుని గదిలో ఉన్నాను. ఒక చేతిలో పూల బుట్ట, ఇంకో చేతిలో చిన్నాయన కాగితాల మూట. పటాల పక్కన అడ్డంగా ఉన్న ఆ మూటను తీసి ఎక్కడ పెట్టాలో తోచక విసుక్కుంటున్నాను. ఆయనను గురించి మంచిమాటలే రాయాలని కూర్చున్నాను గానీ, ఆ కబురు చెవిన పడిన నిమిషంలో నా మనసులో ఉన్నది ఆ విసుగే. దాన్ని దాచిపెట్టి రాస్తే అది ఆయన కథ కాదు.

చిన్నాయన మా నాయనకు తమ్ముడు. బాగేపల్లిలో చెనిక్కాయల, అంటే వేరుశనగల, వ్యాపారం చేసేవారు. నేను కాపురానికి వచ్చిన చిక్కబళ్ళాపురంలో కోర్టు ఉండడం నా ప్రారబ్ధం. కోర్టులో పాత కాగితాలు చూడాల్సి వచ్చినప్పుడల్లా ఆయన మా ఇంట్లోనే దిగేవారు. వస్తున్నానని చెప్పి రావడం ఆయనకు అలవాటు లేదు. నేను మడి కట్టుకుని పొయ్యి ముందు ఉన్న సమయానికే తలుపు దగ్గర గొంతు వినిపించేది. "పాపా, నీళ్ళియ్యి. దుమ్ములో నుంచి వస్తాండా." అది దారి దుమ్ము కాదు, పాత కాగితాల దుమ్ము. చొక్కా మడతల్లో నుంచి కాగితాల పురుగులు రాలేవి. పిల్లలు ముట్టుకోని చోటు అదొక్కటే అని, ఆ మూటను నేరుగా దేవుని గదిలో పెట్టేవారు. నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాను. మా ఇంటి దేవుడు ఇన్నేళ్ళూ ఎవరెవరివో గట్టు తగాదాల పక్కన కూర్చుని పూజలందుకున్నాడు.

ఇదంతా మా మేనత్త చేను కోసం మొదలైంది. అత్త చిన్నాయనకు అక్క. చిన్న వయసులోనే భర్త పోయి, సోమేనహళ్ళిలోని పుట్టింటికి వచ్చేసింది. అక్కడ మాకొక మెట్టచేను ఉంది. గుడిలో దీపం పెట్టేందుకు పూర్వం ఎవరో మా పెద్దలకు ఇచ్చిన ఇనాం అది. మా నాయన, చిన్నాయన దాన్ని అక్కకే వదిలేశారు. ఆమె ఉలవలు, రాగులు పండించుకుని, గుడిలో దీపం పెట్టుకుని బతికేది. ఇనాములు రద్దయినప్పుడు ఆ చేనుకు చిక్కు వచ్చింది. మొదట ఇనాం పొందినాయన వంశంవాళ్ళమేనని కాగితంతో రుజువు చేస్తేనే చేను మాకు నిలుస్తుంది. లేకపోతే సర్కారుది. అత్తకు ఇంకో ఆధారం లేదు. తమ్ముని ఇంట్లో కూర్చుని తినే మనిషి కాదు.

ఆ రుజువు తెచ్చే పని చిన్నాయన నెత్తిన వేసుకున్నారు. మా నాయన నుంచి తాత, ముత్తాత, ఆయన తండ్రి వరకు పేర్లు దొరికాయి. ఆ పైన ఒక తరం ఖాళీ. ఆ ఖాళీ నింపడానికి ఆయన చిక్కబళ్ళాపురం కోర్టుకు, చింతామణి తాలూకా కచేరీకి, మళ్ళీ ఇక్కడికి ఏళ్ళ తరబడి తిరిగారు. మా వైపు కచేరీ రాతంతా కన్నడమే; హైస్కూలు చదివిన పాపానికి ఆ అర్జీలన్నీ నేనే రాసేదాన్ని. పాత చేతిరాత మాత్రం నాకు చదవ రాదు. ఒక అక్షరాన్ని ఇంకో అక్షరంతో ముడివేసి, మాటకూ మాటకూ మధ్య సందు లేకుండా రాసిన రాత అది. "దాన్ని చదివేది నాకు తెలుసులే పాపా, నువ్వు అర్జీ రాయి" అనేవారు చిన్నాయన. ఆ ధీమాకు మేము ఎంత అనుభవించామో తర్వాత చెబుతాను.

అంతకంటే ముందు ఆయన అసలు జబ్బు గురించి చెప్పాలి. పోయిన పని మనది, తెచ్చేది ఊళ్ళోవాళ్ళ తాతలను. కాగితాలలో ఎవరి పేరు కనబడినా, వాళ్ళ వాళ్ళను వెతికి చెప్పేదాకా ఆయనకు అన్నం సయించదు. ఒకసారి చింతామణికి నన్నూ తీసుకుపోయారు. మా పని ఏమీ కాలేదు. కానీ బట్లహళ్ళి రైతు ఒకాయన తాత పేరు దొరికింది. ఇంక చూడాలి ఆయన సంతోషం. ఎండలో బట్లహళ్ళికి నడిపించారు. ఆ రైతు ఎద్దులకు మేత వేస్తూ మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"యా కోర్టు నుంచి వచ్చినారప్పా?"

"కోర్టు నుంచి కాదప్పా. మీ తాత దొరికినాడు. చెప్పిపోదామని వచ్చినా."

"మా తాత యాడికి పోయినాడని దొరికేదానికి?"

"పోలేదప్పా, కాగితంలో వుండాడు."

"కాగితంలో వుంటే వుండనీ. నువ్వెవరు? భాగానికి వచ్చినావా?"

మాకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. తిరిగి వచ్చే దారిలో నేను మెల్లగా అడిగాను, "చిన్నాయనా, మనకెందుకు ఇవన్నీ?" అని. "పేరు లేనోడు యాడా వుండడు పాపా. దొరకనోడు వుంటాడు, అంతే. దొరికినోణ్ణి దోవలో వదిలేసి వస్తే ఎట్ల?" అన్నారు. ఆయన ఈ మాట ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు. ఆ రోజు నాకు కాళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి కాబట్టి మాటలోని మంచి తలకెక్కలేదు.

చివరికి ఒక రోజు మా ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చారు. కోర్టులో ఒక పాత గట్టు తగాదా నకలు దొరికిందన్నారు. పై వరుసను పురుగు తినేసింది, కింది వరుస మిగిలింది. మా చేనే, మా గట్టే. వాది ఎవరంటే "సోమేనహళ్ళి మనేలయ్య". ఖాళీగా ఉన్న తరం నిండింది. చిన్నాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను కూడా దేవునికి కొబ్బరికాయ కొట్టాను.

ఆ మనేలయ్య మా ప్రాణాలు తీశాడు. మనేలయ్య గట్టు కోసం కోర్టుదాకా పోయిన ధీరుడు. మనేలయ్య మాట తప్పని మనిషి. ఎవరికీ తెలియని ఆ మనిషికి ముక్కూ మొహమూ చిన్నాయనే తయారుచేశారు. మా తమ్ముడు మొండికేస్తే "మనేలయ్య పోలిక" అనేవారు. అంగడికి వచ్చినవాళ్ళు చెనిక్కాయల ధర అడిగితే, ధర చెప్పేలోగా మనేలయ్య కథ సగం వినాల్సి వచ్చేది. మహాలయ అమావాస్యకు తర్పణంలో ఆ పేరు కూడా చేర్చాలని పట్టుబట్టారు. "మూడు తరాలు చాలు స్వామీ" అని పురోహితుడు ఎంత చెప్పినా వినలేదు. "ఇన్నాళ్ళకు దొరికినాడు, దప్పిక మీద వుంటాడు" అన్నారు. ఏటేటా నువ్వులు, నీళ్ళు వదిలారు. ఆ నువ్వులు కడిగి ఆరబెట్టి ఇచ్చింది నేనే.

విచారణ రోజు వచ్చింది. అత్తను కూడా పిలిపించారు. చిక్కబళ్ళాపురం కచేరీలో అధికారి కుర్చీలో ఉన్నాడు, పక్కన గుమాస్తా. అత్త గోడ వారగా నేల మీద కూర్చుంది. చిన్నాయన తానే తయారుచేసిన వంశవృక్షం విప్పి, నిలబడి పెద్ద గొంతుతో చదివారు. అన్ని పేర్లూ చదివి, పైన "సోమేనహళ్ళి మనేలయ్య" దగ్గరికి వచ్చేసరికి గుమాస్తా తల ఎత్తాడు. నకలు ఇలా ఇమ్మన్నాడు. చూసి, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు.

"పెద్దాయనా, ఇది పేరు కాదప్పా. మనె అళియ."

కన్నడంలో మనె అంటే ఇల్లు, అళియ అంటే అల్లుడు. ఇల్లటం, అంటే ఇల్లరికం, వచ్చిన అల్లుణ్ణి అలాగే రాస్తారు. ఆ రాతలో మాటల మధ్య సందు లేదు కాబట్టి చిన్నాయన రెండు మాటలనూ కలిపి, ళిని లగా పొరబడి, మనేలయ అని చదువుకుని, గౌరవానికి ఒక యకారం తానే తగిలించారు. అసలు పేరు పురుగు తిన్న వరుసలో పోయింది.

కచేరీలో అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది అత్త. "ఇన్నేండ్లూ ఇంటల్లునికి నీళ్ళొదిల్నావా అబ్బయ్యా" అని కొంగు నోట్లో కుక్కుకుంది. తన చేను పోతుందేమోనన్న దిగులు కూడా ఆమెను ఆపలేకపోయింది. చిన్నాయన మొహం పాలిపోయింది. ఆయన తయారుచేసిన ధీరుడు ఒకరి ఇంట్లో అన్నానికి వచ్చిన అల్లుడు అయ్యాడు.

అధికారి నవ్వలేదు. "అల్లుడు ఇల్లటం వచ్చినాడంటే ఇనాం ఆయనది కాదు, ఆ ఇంటి ఆడబిడ్డ తండ్రిది. ఆమె పేరేమి?" అని అడిగాడు. చిన్నాయన తన వంశవృక్షం వైపు చూసుకున్నారు. అందులో ఒక్క ఆడమనిషి పేరు లేదు. అంతమంది మగవాళ్ళు ఎవరి కడుపున పుట్టారో రాయాలని ఆయనకు తోచలేదు. "పేరు చెప్పలేకుంటే చేను సర్కారుకు పోతుంది" అన్నాడు అధికారి. నవ్వు ఆగిపోయింది.

అత్త గోడ పట్టుకుని లేచింది. "ఆయమ్మ పేరు నాకు తెలుసప్పా. నాగసానమ్మ."

"నీకెట్ల తెలుసమ్మా?"

"ఏటేటా పిలుస్తాండాము గదా."

నిజమే. ఉగాదికి ముందు శుక్రవారం మా పుట్టింట్లో పేరంటాలికి పెట్టుకుంటాము. ముత్తైదువగా పోయిన ఇంటి ఆడబిడ్డను పేరు పెట్టి పిలిచి, కొత్త చీర, గాజులు పెట్టి, పాయసం చేసి దండం పెడతాము. "సోమేనహళ్ళి ఆడబిడ్డవు, మగదిక్కు లేని ఇంటికి దీపం నిలిపినదానివి, నాగసానమ్మా, వచ్చి చీర కట్టుకో తల్లీ" అని పిలుస్తాము. మా అవ్వ పిలిచింది, అత్త పిలిచింది, పెండ్లయ్యేదాకా నేనూ పిలిచాను. ఆ సమయంలో మగవాళ్ళు వాకిట్లో కూర్చుని పాయసం ఎప్పుడు వస్తుందా అని చూసేవారు. చిన్నాయన ఆ పాయసం ఎన్ని గిన్నెలు తిన్నారో.

పేరు దొరికాక కాగితం కోసం ఎక్కువగా తిరగాల్సిన పని లేకపోయింది. ఇనాం పుస్తకంలో నాగసాని, ఆమె తండ్రి, దీపం చేను, అన్నీ ఒకే చోట ఉన్నాయి. ఆ పుట చిన్నాయన పలుమార్లు తిప్పిందే. ఆడపేరు కదా అని దాటిపోయారు.

ఆ రోజు కచేరీ నుంచి మా ఇంటికి ఆయన నాకంటే ముందు తల వంచుకుని నడిచారు. నాకు భయం వేసింది. మా వీధి మలుపులో ఆగి, "పాపా, ఆ మనేలయ్యకు వదిలిన నీళ్ళు యాడికి పోయింటాయంటావు?" అన్నారు. ఆయన నన్ను ఏదైనా నిజంగా అడిగి, జవాబు కోసం ఆగింది అదొక్కసారే. "చేరాల్సినాయనకే చేరింటాయి చిన్నాయనా. పేరు తప్పినా దేవునికి మనిషి తెల్దా?" అన్నాను. మా వాకిలి దాకా వచ్చి, "అయితే నువ్వులు వృథా కాలేదులే" అని గడప ఎక్కారు.

పట్టా అత్త పేరుతోనే రాయించారు. తన భాగం వద్దని సంతకం పెట్టారు. మా నాయన అప్పటికి లేరు. మా తమ్ముని దగ్గర ఆయనే కూర్చుని సంతకం తీసుకున్నారు. ఈ ఒక్కదానికి నేను ఆయనకు ఎన్ని జన్మలు నమస్కారం చేసినా చాలదు.

ఇంక మూటతో పని తీరిందని నేను సంబరపడ్డాను. తీరలేదు. ఇప్పుడు ఆడవాళ్ళ పేర్లు కావాలని పట్టుకున్నారు. మా ఇంటికి వచ్చి మా ఆయన తల్లిని, మా అత్తగారిని, "వదినా, మీ అమ్మగారి అమ్మ పేరేమి?" అని అడిగారు. ఆమె నా వైపు తిరిగి, "మా పుట్టింటోళ్ళ పేర్లతో మీ చిన్నాయనకేమి పనమ్మా?" అని చిరాకుపడింది. ఆయన పోయాక, బియ్యంలో రాళ్ళు ఏరుతూ, ఎవరూ అడగకుండానే ఒక్కొక్క పేరే చెప్పుకుంటూ కూర్చుంది. మధ్యలో ఒక పేరు దగ్గర ఆగిపోయి కళ్ళు తుడుచుకుంది. ఆ సాయంత్రం వంట ఆలస్యమైంది.

కర్మలో కూర్చున్న ఆయన కొడుకు బయటికి రాకూడదు కాబట్టి, చిన్నాయన చావు రాయించడానికి బాగేపల్లి కచేరీకి నేను, అత్త పోయాము. గుమాస్తా కుర్రవాడు. పోయినాయన పేరు, తండ్రి పేరు అడిగి రాసుకుని పుస్తకం మూయబోయాడు.

"తల్లి పేరు అడగలేదేమప్పా?" అంది అత్త.

"దానికి గడి లేదమ్మా."

అత్త బల్ల మీదికి వంగింది. "మరి ఇంత తెల్లగా వుండేది ఏమి?"

"అది అంచు. అంచులో రాయకూడదు."

"చీరకు అంచుతోనే గదా అందము. రాయి."

కాపాడమన్నట్లు అతను నా వైపు చూశాడు. "ఆమె ఇక్కడి నుంచి కదలదు నాయనా" అన్నాను మెల్లగా. అతను ఊపిరి వదిలి, పుస్తకం అడ్డంగా తిప్పి రాశాడు.

"రాసినాడా పాపా?"

చూశాను. చిన్నాయన తల్లి, అంటే మా అవ్వ, పేరు వెంకటమ్మ. అక్కడ వెంకమ్మ అని ఉంది.

"నాయనా, ట పోయింది" అన్నాను.

"ఒక్క అక్షరానికి ఏమవుతుందమ్మా? దీన్నెవరు చూడొస్తారు?"

నేను అక్కడి నుంచి కదల్లేదు. అతను విసుగ్గా కలం సిరాలో ముంచి, రెండు అక్షరాల మధ్య, కొంచెం పైన, ట రాశాడు. సిరా ఇంకా తడిగా మెరుస్తోంది. అత్తకు చదవడం రాదు. అయినా ఆ అంచు మీదికి వంగి, పసిబిడ్డ కంట్లో నలకను ఊదినట్లు మెల్లగా ఊదుతూ నిలబడింది.