కీచుమన్న బ్రేకు, చింగ్‌జీ చెవులు

మా ఆయన చింగ్‌జీకి బండి కనిపించక్కర్లేదు, వినిపిస్తే చాలు. షాపులో ఏ ఇంజను పక్కనో వెల్లకిలా పడుకుని ఉంటాడు. బయట సందులోంచి ఎవరో స్కూటరు మీద వెళ్తారు. "ఎడమ అద్దం నట్టు వదులైంది, ఆగి బిగించుకోమను!" అని లోపల్నుంచే కేకేస్తాడు. నేను చేతిలో పని వదిలేసి పరిగెత్తి ఆపితే, ఆ మనిషి నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తాడు. అద్దం పట్టుకుని ఊపితే కదులుతుంది. ముప్ఫై నాలుగేళ్ళుగా ఇదే తంతు. పరిగెత్తేది నేను, పేరు ఆయనకి.

ఈ విద్య ఆయనకి పద్నాలుగేళ్ళప్పుడు తైనాన్ అనే ఊళ్ళో అబ్బింది. అక్కడి గురువు బండి స్టార్ట్ చేసి, "గోడవైపు తిరిగి నిలబడు, జబ్బేంటో చెప్పు" అనేవాడట. తప్పు చెబితే ఆ పూట గురువు ఇంట్లో గిన్నెలన్నీ తోమాలి. మొదటి ఏడాదంతా తోముతూనే ఉన్నాడట. పెళ్ళయ్యాక ఆ గిన్నెలు తోమే విద్య ఏమైపోయిందో మాత్రం నాకిప్పటికీ అంతుపట్టలేదు.

నన్ను ఎంచుకున్నది కూడా చెవులతోనే. అప్పుడు నేను దారాల ఫ్యాక్టరీలో పనిచేసేదాన్ని. ఓ రోజు పొద్దున్నే ఈ షాపు ముందు బండి ఆపితే, లోపల్నుంచి ఓ గొంతు, "అమ్మాయీ, బ్రేకు వేయకుండా కాలు నేలకి రాస్తున్నావు, చెప్పు అరిగిపోయింది చూసుకో" అంది. ముఖం కూడా చూపించకుండా నా చెప్పుల సంగతి నీకెందుకయ్యా అని చెడామడా తిట్టేశాను. ఫ్యాక్టరీకి వెళ్ళి చెప్పు తిరగేసి చూస్తే మడమ దగ్గర నా వేలు దూరేంత చిల్లు.

మా ఊరు చియాయి. మార్కెట్టు వెనక సందులో మా షాపు. పక్కన కున్ నడిపే టర్కీ కోడి అన్నం కొట్టు, సందు చివర గుడి గోడ. ఈ సందులోకి రోజూ పది గంటలకి యూషియా అక్క వస్తుంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. పోయిన మొగుడి పాత మోటార్‌సైకిల్ వెనక రెండు పెద్ద డబ్బాలు కట్టుకుని సోయా జున్ను అమ్ముతుంది. ఆ జున్ను తినకపోతే మా వీధి ఆడవాళ్ళకి పొద్దు గడవదు. అయితే పోయిన ఏడాది ఆరో నెలలో ఆ బండి వెనక బ్రేకు కూయడం మొదలుపెట్టింది. ఆగినప్పుడల్లా కీ...చ్‌మని పళ్ళు జివ్వుమనేలా కూత.

"యూషియా అక్కా, బండి ఆపుతున్నావా, పంది గొంతు కోస్తున్నావా?" అన్నాడు కున్.

"నీ గిన్నెలో టర్కీ ఎంతుందో, నా బండిలో పందీ అంతే ఉందిరా!" అంది యూషియా.

అందరం నవ్వాం గానీ, లోపల్లోపల ఎవరికీ నవ్వు రాలేదు. మా చాంద్రమానం లెక్కలో ఏడో నెల, పోయినవాళ్ళు తిరిగొచ్చే నెల, దగ్గర పడుతోంది. ఆ నెలలో మేము ఈల కూడా వేయం. ఈల వేస్తే పిలిచారనుకుని వెంట వచ్చే 'అన్నదమ్ములు' ఉంటారు. వాళ్ళని అసలు పేరుతో పిలిచి కొంపకి తెచ్చుకునేంత పనిలేనిదాన్ని కాదు నేను. ఒకటో తారీఖు నుంచి ఆ కూత మా గుమ్మాల ముందు వద్దని సందులో ఆడవాళ్ళు తేల్చి చెప్పేశారు.

"దానికింత రాద్ధాంతం ఎందుకు?" అని మా ఆయన బండి లోపలికి తోశాడు. వెనక చక్రం విప్పి, డ్రమ్ము తెరిచి, చక్రాన్ని పట్టి ఆపే బ్రేకు షూలు బయటికి తీశాడు. మందం బాగానే ఉంది గానీ పైన అద్దంలా మెరుస్తున్నాయి. "ఇలా మెరిస్తే పట్టదు. జారుతూ ఏడుస్తుంది" అన్నాడు. గరుకు కాగితంతో ఆ మెరుపు పోయేదాకా రుద్దాడు. అంచులు కాస్త వాలుగా అరగదీశాడు. డ్రమ్ములో పొడి తుడిచి, షూలు తిరిగే పిన్నుకి ఆవగింజంత గ్రీజు రాసి బిగించాడు. సందు చివరిదాకా తోలి బ్రేకు వేశాడు. చప్పుడే లేదు.

ఇక్కడ నా సంగతొకటి చెప్పాలి. చెప్పడం నాకేమాత్రం ఇష్టం లేదు.

బండి తీసుకెళ్ళేముందు యూషియా నన్ను పక్కకి లాగింది. "సూజూ, ఇది మా ఆయన బండే. ఏడో నెల ముంగిట్లో ఆయనే అరుస్తున్నాడేమో అనిపిస్తోందే" అంది. నాకు ఒళ్ళు జలదరించింది. వెంటనే గుడికెళ్ళి మంత్రం కాగితం తెచ్చాను. పసుపు కాగితం మీద ఎర్ర రాత. "దీన్ని కాల్చి, బూడిద నీళ్ళలో కలిపి, పంపరపనస ఆకుతో బండంతా చల్లు. ఆ కూత వచ్చే చోట మాత్రం బాగా వంచి పొయ్యి" అన్నాను. "మా ఆయనకి చెప్పకక్కా. నా చేతి మీద నమ్మకం లేదా అని అలుగుతాడు. ఆయన అలిగితే మూడు రోజులు అన్నం కూడా చప్పుడు కాకుండా తింటాడు."

మూడో రోజుకల్లా బండి మళ్ళీ కూసింది. మా ఆయన విప్పి చూస్తే లోపల బూడిద రంగు బురద. "మధ్యాహ్నం వానలకి నీళ్ళు దూరినట్టున్నాయి" అని అంతా కడిగి, షూలే కొత్తవి వేశాడు. చప్పుడు లేకుండా వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ యూషియా నా దగ్గర ఇంకో కాగితం పుచ్చుకుంది. ఈసారి ఇంకా గట్టిదే అడిగి తెచ్చానులెండి. నాలుగో రోజు మళ్ళీ కూత!

ఈసారి కున్ వెటకారం చేయలేదు. అదే కొంప ముంచింది. మెల్లగా మా ఆయన పక్కన కూర్చుని, "చింగ్‌జీ అన్నా, నీ దగ్గర్నుంచి వెళ్ళేటప్పుడు కూడా సన్నగా కూస్తూనే వెళ్తోందేమో. నీకే వినపడటం లేదేమో. మా నాన్నకి కూడా అరవై దాటాకే సన్న చప్పుళ్ళు పోయాయి" అన్నాడు.

మా ఆయనకి అరవై రెండు.

ఆ రోజు నుంచి ఇంట్లో మనశ్శాంతి పోయింది. "సూజూ, కీచురాయి కూస్తోందా?"

"చెవులు చిల్లులు పడేలా కూస్తోంది."

"నాకూ వినిపిస్తోంది. కానీ అన్నీ వినిపిస్తున్నాయని ఏంటి నమ్మకం? వినపడనిది వినపడలేదని మనిషికి ఎలా తెలుస్తుంది?"

"బండి వెళ్ళేటప్పుడు నేనూ ఇక్కడే ఉన్నానుగా! చప్పుడే లేదు."

"నా పెళ్ళానివి. నా కోసం అబద్ధమాడతావు."

"నీ కోసం అబద్ధాలాడేంత తీరిక నాకెక్కడ ఏడ్చింది?" అన్నాను గానీ, ఆయన నవ్వలేదు.

"ఇంకొక్కసారి చూస్తా" అన్నాడు. "మళ్ళీ ఏడ్చిందంటే షాపు బోర్డు దించేస్తా. గట్టిగా అరిస్తే ఎవడైనా వింటాడు. కూత మొదలయ్యేటప్పుడే వినగలిగేవాడు మెకానిక్కు. వినపడని చెవులు పెట్టుకుని ఇంకొకరి బ్రేకు ముట్టుకోకూడదు సూజూ. ఎవరి ప్రాణమో పోతుంది."

మూడోసారి డ్రమ్ము విప్పి, లోపలి మడ్డిని పేపరు మీద దులిపాడు. కళ్ళజోడు ఎప్పట్లాగే ఎక్కడో పడేశాడు. నా కళ్ళు బాగానే ఉన్నాయి. ఆ మడ్డిలో గోరంత పసుపు కాగితం ముక్క, దాని మీద ఎర్ర గీత. ఇది యూషియా మొగుడి అరుపూ కాదు, ముసిలి చెవుల తప్పూ కాదు. శుభ్రంగా బాగైన బ్రేకులో బూడిద నీళ్ళు పోయించి ఏడిపిస్తున్నది నేనే! అయ్యో, ఎంత పని చేశాను అనుకుంటూ పేపరు గబుక్కున మడిచి చెత్తబుట్టలో కుక్కేశాను.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఇంక కాగితం ఇవ్వకపోతే సరి, కూత దానంతటదే పోతుంది, ఈయన అలకా తప్పుతుంది అని లెక్కలు వేసుకున్నాను. ఇక పొయ్యొద్దని యూషియాకి సాయంత్రం చెబుదామనుకుంటే వాన పట్టుకుంది. రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆ మహాతల్లి నేను కాగితం ఇవ్వలేదని తనే గుడికెళ్ళి ఒకటికి రెండు తెచ్చుకుని, చెంబెడు నీళ్ళు చక్రంలో కుమ్మరించింది.

ఆరో నెల ఆఖరి రోజు, పొద్దున పది గంటలు. సందు మొదట్లోనే కీ...చ్‌మంది.

మా ఆయన చేతిలో పానా పట్టుకుని, నిచ్చెన తెచ్చి గుమ్మం మీద బోర్డుకి ఆనించి ఎక్కాడు. 'చింగ్‌జీ మోటార్‌సైకిల్' అని పెళ్ళైన ఏడు రాయించిన బోర్డు. ఒక పక్క బోల్టు ఊడదీశాడు. బోర్డు అటు వాలిపోయింది. "అన్నా, నేనేదో నోటికొచ్చింది వాగాను, దిగన్నా!" అని కింద కున్ నిచ్చెన పట్టుకుని బతిమాలుతున్నాడు. యూషియా డబ్బాల పక్కన నిలబడి, "నా బండే పాడు బండి" అని ముక్కు చీదుతోంది.

నేను షాపు లోపల వెనకవైపు కుళాయి దగ్గర ఉన్నాను. చేతిలో గ్రీజు గుడ్డ. గాలి కొట్టే కంప్రెసరు దడదడలాడుతోంది, కున్ వంటింటి ఫ్యాను హోరుమంటోంది. అందరి ముందూ చెప్పే ధైర్యం నాకు లేదు. చెప్పకుండా ఉండే ధైర్యం అంతకంటే లేదు. గోడవైపు తిరిగి, కుళాయికి చెప్పినట్టు గొణిగాను.

"పసుపు కాగితం బూడిద నేనే పొయ్యమన్నాను."

నా గుడ్డకి కూడా వినపడి ఉండదు. వీధిలోంచి, నిచ్చెన మీంచి గొంతు వచ్చింది.

"ఏ పసుపు కాగితం?"

నేను గుడ్డ గట్టిగా పిండాను. "నేనేమీ అనలేదు."

"అన్నావు. పసుపు కాగితం బూడిద నేనే పొయ్యమన్నాను, అన్నావు."

వెనక్కి తిరిగి చూస్తే, పానా పట్టుకున్న ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఇంక తిట్లు మొదలవుతాయని తల వంచుకున్నాను. తిట్లు రాలేదు. తలెత్తి చూస్తే ఆయన కళ్ళు ఇంతింత చేసుకుని కంప్రెసరు వంక చూస్తున్నాడు, కున్ ఫ్యాను వంక చూస్తున్నాడు, మళ్ళీ నా వంక చూస్తున్నాడు.

"కంప్రెసరు ఆడుతోంది" అన్నాడు. "ఫ్యాను తిరుగుతోంది. నువ్వేమో గోడవైపు ఉన్నావు. సూజూ... నాకు వినిపించిందే!"

నిచ్చెన దిగలేదు, దూకాడు. నేనూ యూషియా ఒకరి మాట ఒకరం తోసుకుంటూ ఉన్నదంతా కక్కేశాం. ఆయన డ్రమ్ము విప్పి, వేలితో ఆ బురద తీసి వాసన చూశాడు. అగరొత్తుల వాసన. కడిగి, రుద్ది, ఆరబెట్టి బిగించాడు. ఇంకో కాగితం తేవడానికి నన్నే గుడికి తోలాడు. దాన్ని మడిచి ఎర్ర సంచీలో పెట్టి హ్యాండిలుకి తనే కట్టాడు. "అక్కా, దేవుణ్ణి పైన కూర్చోబెట్టుకో. బ్రేకులో పొయ్యకు." యూషియా సందు చివరిదాకా వెళ్ళి, బ్రేకు వేసి, తిరిగొచ్చి మళ్ళీ వేసింది. ఊపిరి పీల్చినంత చప్పుడు కూడా లేదు. సందులో ఆడవాళ్ళు అప్పటికే గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు. కున్ తనే నిచ్చెనెక్కి బోర్డు బోల్టు బిగించాడు.

అంతటితో వదిలేస్తాడనుకున్నాను. మా ఆయన నన్ను షాపు గుమ్మంలో నిలబెట్టాడు. తను మాత్రం సందు చివరికి వెళ్ళి, గుడి గోడవైపు తిరిగి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు, తైనాన్ గురువు ముందు నిలబడ్డట్టే.

"ఊఁ, మెల్లగా అను!"

"ఏమనాలి?"

"నీకే తెలుసుగా!"

వీధంతా జున్ను తింటూ చూస్తోంది. నాకు తల కొట్టేసినట్టయింది. "తప్పు నాదే" అన్నాను.

"తప్పు నాదే! వినిపించింది! ఇంకా మెల్లగా!"

"రెండు కాగితాలు నేనే తెచ్చాను."

"రెండు! ఇంకా మెల్లగా!"

"పేపరు చెత్తబుట్టలో పడేసింది కూడా నేనే."

"అదా సంగతి! ఇంకా, ఇంకా మెల్లగా!"

నాకు ఒళ్ళు మండింది. అంతలోనే గుర్తొచ్చింది. పదిరోజులుగా ఈ మనిషి నిద్ర లేకుండా కీచురాళ్ళని లెక్కపెట్టుకున్నాడు. నేను నమ్మనందుకే కదా ఇదంతా! పెదవులు కదిలీ కదలకుండా, ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా అనని మాట అన్నాను. "చియాయి మొత్తం మీద నీలాంటి మెకానిక్కు ఇంకొకడు లేడయ్యా."

మా ఆయన కదల్లేదు. గోడవైపే చూస్తూ, "ఏమీ వినపడలేదు. కాస్త గట్టిగా అను" అన్నాడు.

వెనకనుంచి ఆయన చెవులు రెండూ ఎర్రగా కందిపోవడం ఇక్కడికి కనిపిస్తూనే ఉంది. సరే పోనీ అని, సందంతా వినేలా అన్నాను.