అట్ట వేసిన పుస్తకం

సునామీ వచ్చి రెండేళ్లు దాటినా, అండమాన్‌లో హోప్ టౌన్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు వచ్చే ఫెర్రీలో నాకు కుదురుండేది కాదు. కాసేపు నీళ్లవైపు, కాసేపు పుస్తకంవైపు చూసేదాన్ని. అదొక చిన్న ఇంగ్లీషు నవల. సముద్రం అడుగున మనుషులు బతికే ఊరు. అక్కడ చిక్కుకుపోయిన ప్రియురాలి కోసం నీళ్లలోకి దిగే ఒక ఆడమనిషి. పైబొమ్మలో ఇద్దరూ ముద్దు పెట్టుకుంటున్నారని పేపరు అట్ట వేశాను.

ఒకరోజు ఖాళీ చేపల తట్టతో పక్కన కూర్చున్నావిడ, "ఏటి కథ దీదీ?" అని అడిగింది.

"సముద్రంలో పోయిన స్నేహితురాలిని ఒకామె వెతుక్కుంటూ వెళ్తుంది."

"దోస్త్ కోసం అంత లోపలికి ఎవులెల్తారు?" అంది, నా మొహం చూడకుండానే.

నేను పుస్తకం మూశాను. ఆవిడ బోసి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"మొగుడు ఏటకెల్లి సముద్రంలో పోతే, వాడలో ముసలోల్లొచ్చి పెళ్లాం గాజులు తీస్తారు. సునామీలో మా నూకమ్మ పోనాది. ఇద్దరం ఒక్క గదిలోనే బతికినాం. నాకాడికి ఎవులూ రానేదు. నానే తీసీసినాను."

ఫెర్రీ జెట్టీకి ఆనింది. ఆవిడ తట్ట ఎత్తుకుని లేచింది.

"ఆకరికి దొరుకుద్దా దీదీ?"

"ఇంకా అంతదాకా చదవలేదు."

"సదివి సెప్పండి," అని జనంతోపాటు దిగిపోయింది.

ఆ రోజే పూర్తిచేశాను. ఆ ఫెర్రీ ఎక్కినప్పుడల్లా ఇప్పటికీ ఆ పుస్తకం ఒళ్లో పెట్టుకుంటాను, అట్ట లేకుండా. ఎక్కే ప్రతి తట్ట వైపూ చూస్తాను. ఆవిడ కనబడితే చెప్పాలి, దొరికిందని.